మామ్మ అంగిలి

మొన్న నాకు జ్ఞానదంతం తీశారు. అది నిలువుగా మొలవవలసింది పోయి అడ్డంగా మొలిచి పక్క పన్నును పొడుస్తోందని, చిగురు కోసి, పన్నును ముక్కలు చేసి తీశారు. అప్పటినుంచి మా ఇంట్లో నేను తప్ప అందరూ మాట్లాడుతున్నారు. దవడ కింద నుంచి నడినెత్తి మీదికి గుడ్డ కట్టుకుని కూర్చున్న నన్ను చూసి మా పాప, అది తన కోసం వేసిన వేషమనుకుని చప్పట్లు కొడుతోంది. దానికింకా ఏడాది నిండలేదు. మత్తుమందు నా పాలలోకి దిగి దానికి ఎక్కుతుందేమోనని నాకొక భయం. ఎక్కకూడదని పాలు మాన్పిస్తే ఆకలికి చిక్కిపోతుందేమోనని ఇంకొక భయం. పాలు ఇవ్వవచ్చునని డాక్టరుగారు చెప్పారు గాని, ఆ మాట నాతో అనలేదు, మావారితో అన్నారు. నోరు నాది, పన్ను నాది, పాలు నావి. జాగ్రత్తలు మాత్రం ఆయనకు అప్పగించారు.

మావారు వకీలు. అప్పగించినదాన్ని అంత తేలిగ్గా వదిలే మనిషి కారు. కోర్టు నుంచి రాగానే కోటు తీసి, పడకకుర్చీలో కూర్చుని, సిగరెట్టు వెలిగించి, నేను కేసు ఓడిపోయే కక్షిదారునైనట్టు ఆ జాగ్రత్తలన్నీ మళ్ళీ మొదటినుంచి వినిపిస్తారు. "గట్టి పదార్థం తినకూడదు. వేడివి తాగకూడదు. పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, దేన్నీ నోటితో పీల్చకూడదు. ఆ గుంటలో గడ్డకట్టిన రక్తమే దానికి కట్టు. అది కదిలిందా, మళ్ళీ మొదటికొస్తుంది. రేపటినుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు, నెమ్మదిగా. తలకింద రెండు దిండ్లు." మాట మధ్యలో ఆగి, నాలుకతో ఎడమ బుగ్గ లోపలివైపు తడుముకుంటారు. ఈమధ్య అలవాటైంది. "పొగాకు మాట కూడా ఏదో అన్నారు. అది నీకు వర్తించదులే" అని, గుప్పున పొగ వదిలి, వాదన ముగిస్తారు.

ఆ చివరి మాట దగ్గరే నాకు మా మామ్మ గుర్తుకొచ్చింది. అది ఆవిడకు వర్తించింది. వర్తిస్తుందని ఎవరూ ఎరగకపోవడం వల్లనే ఆ కథంతా జరిగింది. నిన్న రాత్రి పాప నిద్రపోయింది, మావారూ నిద్రపోయారు. నాకు దవడ సలుపు వల్ల నిద్ర లేదు. గోదావరి వంతెన మీద రైలు వెళ్ళే చప్పుడు వినిపిస్తోంది. ఆ రోజుల్లో ఆ వంతెన లేదు. మేం అవతలి ఒడ్డున, కొవ్వూరులో ఉండేవాళ్ళం. పన్ను పీకించుకోవాలన్నా గోదావరి దాటాలి, అదీ పడవవాడికి తీరికైనప్పుడు.

మామ్మ మా నాన్నకు తల్లి. పేరు రూతమ్మ. ఆ పేరు బాప్తిస్మంలో వచ్చింది. అంతకుముందు ఏం పేరో ఆవిడ చెప్పేది కాదు. పుట్టింది సముద్రం ఒడ్డున, చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో. మా తాతను సముద్రం తీసుకుపోయాక కొడుకును చంకనేసుకుని మిషను బడి వెతుక్కుంటూ వచ్చింది. కొడుకు ఆ బడిలో చదివి ఆ బడికే మేష్టరయ్యాడు. తల్లి అదే బడి అరుగు మీద కూర్చుని అక్షరాలు నేర్చుకుని బైబిలు స్త్రీ అయ్యింది. అంటే ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకు బైబిలు కథలు చెప్పడం. పొద్దున్నే ప్రార్థన, తరవాత ఆవకాయ నంజుకుంటూ చద్దన్నం, ఆ మీదట తెల్లకోక, గుడ్డసంచీలో రంగుబొమ్మలు, చేతిలో గొడుగు. ఆవిడ కథ చెబుతుంటే బియ్యం ఏరుకునే వాళ్ళు బెడ్డలు మరిచి బియ్యం పారబోసేవారట. జలప్రళయం నాటి నోవహు ఓడ ఆవిడ నోట మా ఊరి పడవలాగే ఉండేది. అందులో కారే చోట కొబ్బరిపీచు కూరి తారు పూసేవారు కూడాను.

మిషను పనివాళ్ళకు పొగాకు నిషేధం. సారా ఎంతో చుట్టా అంతే. ఉద్యోగంలో చేరేటప్పుడు మామ్మ అయ్యగారి ముందు, అంటే మా పాస్టరుగారి ముందు, చుట్ట మానేశానని చెప్పింది. చెప్పిన మాట నిజమే. ఆ పూటకు మానేసింది. మా ఇంటి వెనక పశువుల పాక, పాక పక్కన గడ్డివాము ఉండేవి. సాయంత్రం ప్రార్థన కాగానే "ఆవుకు మేత వేసొస్తా" అని వెళ్ళేది. ఆవు మేసి, నెమరేసి, పడుకున్నాక కూడా మేత వేస్తూనే ఉండేది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదవులు బిగించి పీల్చడాన్ని మావైపు అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోకుండా, నెత్తిన గంపకు రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నా చుట్ట జారిపోకుండా, ఆ ఊళ్ళ ఆడవాళ్ళు కనిపెట్టిన పద్ధతి. దూరంనుంచి చూసేవాళ్ళకు ఒక ముసలమ్మ నోరు మూసుకుని ఆలోచిస్తున్నట్టుంటుంది. నిప్పు కనపడదు. దొంగతనంగా కాల్చుకోవలసిన వాళ్ళకు ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

ఒకసారి అమ్మ ఉండబట్టలేక, "అత్తయ్యగారూ, గడ్డివాము పక్కన నిప్పేంటండీ" అంది.

"గడ్డివాము పక్కన నిప్పు పెట్టుకోవలసింది నోట్లోనేనే పిచ్చిదానా. చూడు, ఒక్క రవ్వ పడిందేమో" అంది మామ్మ.

ఇంట్లో ఆ సంగతి మాట్లాడుకోవడం అదే మొదలు, చాలాకాలం దాకా అదే ఆఖరు. అందరికీ తెలుసు, తెలియనట్టుండడం మా ఇంటి మర్యాద. వాసన పోవడానికి మామ్మ లవంగాలు నమిలేది. ఎప్పుడు చూసినా లవంగం వాసనే కాబట్టి, పాపం రూతమ్మగారికి పంటిపోటు అని సంఘమంతా జాలిపడేది. ప్రార్థన కూటాల్లో ఆవిడ పంటి కోసం ప్రార్థనలు కూడా జరిగాయి. అందుకని నిజంగా పంటిపోటు వచ్చేసరికి కొత్తగా జాలిపడడానికి ఎవరూ మిగల్లేదు.

అది మామూలు పోటు కాదు. దవడ వాచి, కన్ను మూసుకుపోయింది. లవంగనూనె దూదిలో ముంచి పెట్టారు. తుమ్మచెక్క కషాయం పట్టారు. ఒకావిడ పన్నులో పురుగుందని వాకుడు గింజలు నిప్పుల మీద వేసి ఆ పొగ పట్టించింది. మామ్మ జన్మలో అందరి ఎదుటా, బాహాటంగా, వైద్యం పేరిట పొగ పీల్చింది ఆ ఒక్కసారే. పురుగు రాలేదు. జ్వరం వచ్చింది. నాన్న పడవ మాట్లాడి రాజమండ్రి మిషను ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. వెంట అమ్మ, అమ్మ కొంగు పట్టుకుని నేను. డాక్టరమ్మ దేశానికి కొత్త. తెలుగు మాత్రం పుస్తకంలోంచి నేర్చుకుని వచ్చింది, ఆ పుస్తకం బైబిలు. "నోరు తెరువుడి" అంది. మామ్మ దేవుడే పిలిచినట్టు తెరిచింది.

మత్తిచ్చి పన్ను తీసి, దానితోపాటు కుళ్ళిన దవడ ఎముక ముక్క కూడా తీశారు. బయటికి వచ్చేసరికి డాక్టరమ్మ ముఖం పాలిపోయి ఉంది. "పన్ను గూర్చి భయపడకుడి. అంగిలి గూర్చి భయపడుచున్నాను" అంది నాన్నతో. మామ్మ అంగిలి అంతా బూడిదరంగు తోలులా గట్టిపడి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలతో ఉందట. తన చదువులో అటువంటిది చూడలేదట. పన్ను గుంట మానాక ఆ అంగిలి చర్మం కోసి తీసెయ్యకపోతే ప్రాణానికి ముప్పు రావచ్చునంది. వారంలో తానే కొవ్వూరు వచ్చి చూస్తానంది. ఆపైన, ఇప్పుడు మావారు వినిపిస్తున్న జాగ్రత్తలే వినిపించింది. ఉమ్మివేయకుడి, మాటలాడకుడి, దేనిని పీల్చకుడి, చల్లని గంజి పుచ్చుకొనుడి. పొగాకు మాట ఎత్తలేదు. తెల్లకోక కట్టుకున్న బైబిలు స్త్రీని అటువంటి మాట అడగడం మర్యాద కాదనుకుందేమో.

ఇంటికి వచ్చాక మామ్మను వసారాలో నులకమంచం మీద రెండు దిండ్లు వేసి పడుకోబెట్టారు. అమ్మ పొద్దున్నే గంజి వార్చి, కుండలో పోసి, తడిగుడ్డ చుట్టి చల్లార్చేది. మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం చోడిజావ, అదీ చల్లారాకే. దూదిని మరిగించి ఎండబెట్టి ఉంచేది. ఆవకాయ జాడీ మామ్మ కంటపడకుండా అటక ఎక్కించింది. కోడలిగా ఎంత చేయాలో అంతా చేసింది గాని, ఆ పనిలో అమ్మ ముఖం ఎన్నడూ లేనంత ప్రశాంతంగా ఉండేది. అత్తగారు మాట్లాడకూడదని డాక్టరు చెప్పడం ఏ కోడలి భాగ్యమో. మాట్లాడలేని మామ్మకు నాన్న నా పలక ఇచ్చాడు. ఆవిడ తిట్లు పొడుగు. ఒక తిట్టు సగంలో ఉండగానే పలక నిండిపోయేది. ఉమ్మితో తుడవబోయి, ఉమ్మకూడదని గుర్తొచ్చి, చెయ్యి గాలిలో ఆపి, మిగతా తిట్టు కళ్ళతో తిట్టేది.

చూడడానికి వచ్చినవాళ్ళంతా తలా ఒక వైద్యం తెచ్చారు. ఉప్పు వేయించి మూటగట్టి కాపడం పెట్టమని ఒకరు, అసలు వేడి తగలనివ్వద్దని ఇంకొకరు. అయ్యగారి తల్లి మార్తమ్మగారు కరక్కాయ అరగదీసి తెచ్చింది. ఈవిడ మామ్మకు సావాసగత్తె, తనూ సముద్రపు ఒడ్డు మనిషే. మంచం పక్కన కూర్చుని, చుట్టూ చూసి, మామ్మ చెవిలో ఏదో అడిగింది. మామ్మ పలక మీద "లేదు" అని రాసింది. మార్తమ్మగారు నిట్టూర్చి, "ఎలా ఉంటన్నావమ్మా మరి" అంది. ఆ అడిగింది నొప్పి గురించి కాదని నాకప్పుడు తెలియదు.

మామ్మ పడుతున్న బాధ పన్ను గుంటలో లేదు. చేతివేళ్ళు ఊరికే ఉండేవి కావు, కోక అంచు తీసుకుని చుట్టలా చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టేవి. అలా ఓర్చుకున్నంత ఓర్చుకుని, ఒక సాయంత్రం ప్రార్థన కాగానే లేచి, వేలితో పాకవైపు చూపించింది. ఆవుకు మేత. అప్పటికే ఆవు మేసి పడుకుంది. కాసేపటికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. కొంగు తీస్తే నెత్తురు. పీల్చిన పీల్పుకు గుంటలో గడ్డ కదిలిపోయింది. అమ్మ గబగబా పటిక నీళ్ళలో దూది ముంచి గుంటలో పెట్టి, దవడ కింద చెయ్యి వేసి నొక్కిపట్టింది. నెత్తురు ఆగేదాకా ఇద్దరూ అలాగే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. అత్తాకోడళ్ళు అంతసేపు అంత దగ్గరగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

నెత్తురు ఆగాక అమ్మ వంటింట్లోకి వచ్చి నాన్నతో, "డాక్టరమ్మకి చెప్పేద్దామండి" అంది. "ఆ అంగిలి రోగం కాదండి, చుట్టది. ఆవిడేమో కోసేస్తానంటంది."

"చెబితే అమ్మ ఉద్యోగం పోద్ది" అన్నాడు నాన్న. "ఉద్యోగం పోతే పోయింది, నేను లేనా. కానీ అయ్యగారి ముందు ప్రమాణం చేసింది కదే. సంఘంలో మళ్ళీ తలెత్తుకోగలదా. కథలు చెప్పకుండా అమ్మ బతకగలదా."

"చెప్పకపోతే అంగిలి కోస్తారు. అంగిలి లేకుండా కథలేం చెబుద్దండి."

వసారాలోంచి పలక మీద బలపం గీరిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే మామ్మ పలకను గుండెమీద నిలబెట్టుకుని ఉంది. "చెప్పొద్దు" అని అంత పలకా పట్టేలా రాసింది.

అన్నట్టే డాక్టరమ్మ వారానికి వచ్చింది. గుంట ఆలస్యంగా మానుతోందని ఆశ్చర్యపడింది. అద్దం పెట్టి అంగిలి చూసి, చిన్న కాగితం మీద దాని బొమ్మ గీసుకుంది. వేడి చారు వల్ల అలా అవుతుందేమోనని నాన్న నసిగాడు. "ఇతర స్త్రీలకు ఇట్లున్నదా?" అని అడిగింది డాక్టరమ్మ. అప్పుడే కరక్కాయతో వచ్చిన మార్తమ్మగారు గుమ్మంలో ఉంది. "అమ్మా, మీ నోరు తెరువుడి." మార్తమ్మగారు తల అడ్డంగా ఊపి, పెదవులు బిగించి, కరక్కాయ గిన్నె గడపమీదే వదిలేసి వెళ్ళిపోయింది. ఎప్పుడూ నవ్వుతూ పలకరించే మనిషి అలా ఎందుకు వెళ్ళిందో డాక్టరమ్మకు అర్థం కాలేదు. అర్థంకాని దానికి ఆవిడ తన శాస్త్రం ప్రకారం అర్థం చెప్పుకుంది.

ఆదివారం ఆరాధనలో ఆవిడే హార్మోనియం వాయించింది. వాయిస్తూ ఆడవాళ్ళ చాపల వైపు తిరిగి కూర్చుంది. ఆవిడ నోళ్ళు చూస్తోందని మార్తమ్మగారి వల్ల గుళ్ళోకి రాకముందే అందరికీ తెలిసిపోయింది. కీర్తన ఎత్తుకున్నారు. మగవాళ్ళ గొంతులు వినిపించాయి, పిల్లల గొంతులు వినిపించాయి. నడివయసు దాటిన ఆడవాళ్ళంతా పెదవులు బిగించుకుని, కళ్ళతోనే దేవుణ్ణి స్తుతిస్తున్నారు. ఒకావిడ ముక్కుతో పాడింది. మా సంఘంలో ఆడవాళ్ళ గొంతు గోదావరి అవతలికి వినపడుతుందని పేరు. ఆ రోజు అయ్యగారు రెండో చరణంలో ఆగి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

ఆరాధన అయ్యాక అయ్యగారి ఇంటి వసారాలో డాక్టరమ్మ తన నిర్ణయం చెప్పింది. సంఘ పెద్దలంతా ఉన్నారు, దవడకు కట్టుతో మామ్మ ఒక పక్కన కూర్చుంది, ముసలమ్మలంతా గుంజల చాటున నిలబడ్డారు. ఈ అంగిలి రోగం ఒకరినుంచి ఒకరికి అంటుకుంటున్నదని తన అనుమానం. ఆరాధనలో అందరూ ఒకే గిన్నెలో ప్రభు భోజనపు ద్రాక్షరసం తాగుతున్నారు. రోగమేదో తేలేదాకా స్త్రీలకు ఆ గిన్నె ఇవ్వకూడదు. రూతమ్మగారి అంగిలి మాత్రం వచ్చే వారమే కోయవలెను, ఇక ఆలస్యం చేయకూడదు.

చెప్పగలిగిన వాళ్ళందరూ పెదవులు బిగించుకుని ఉన్నారు. చెప్పలేని పెద్దలు నేల చూస్తున్నారు. వాళ్ళలో ప్రతివాడికీ ఇంట్లో ఒక తల్లి ఉంది. అప్పుడు మామ్మ లేచింది. దవడ కట్టు విప్పుకుంది. ఇన్నాళ్ళ తరవాత మాట్లాడిన మొదటి మాట, "మార్తమ్మా, కాస్త నిప్పు తే."

మార్తమ్మగారు ఎందుకని అడగలేదు. లోపలికి వెళ్ళి కొబ్బరిచిప్పలో నిప్పుకణిక తెచ్చి ఇచ్చింది. మామ్మ బొడ్లోంచి చుట్ట తీసి, కణికకు ఆనించి, ఊది, కొస ఎర్రబడ్డాక డాక్టరమ్మకు కనిపించేలా పైకెత్తి, ఆ కొసను నోట్లో పెట్టుకుని పెదవులు మూసింది.

డాక్టరమ్మ నీళ్ళచెంబు అందుకుని మామ్మ మీద పోయబోయింది. నాన్న అడ్డం వెళ్ళాడు. మామ్మ తాపీగా రెండు ముక్కుల్లోంచీ పొగ వదిలి, చుట్ట తీసి, "ఇదండీ రోగం" అంది. "మా అమ్మకీ ఇంతేనండి, మా అమ్మమ్మకీ ఇంతేనండి. ఇది అంటుకునేది కాదండి, అంటించుకునేది. ఆ గిన్నె మాత్రం ఆపకండి అమ్మగారూ. నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యండి, ఆయ్."

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. ముందు ఏడ్చినట్టయింది, తరవాత నవ్వింది, చివరికి రెండూ కలిసిపోయాయి. తనకు తెలియని భయంకరమైన రోగం ఊరు ఊరంతటినీ తినేస్తోందనుకున్న మనిషికి అది ఉత్త పొగ అని తెలిస్తే ఎలా ఉంటుందో ఇప్పుడు ఊహించగలను. "ఇది రోగము కాదు, దురభ్యాసము" అంది కళ్ళు తుడుచుకుంటూ. అంగిలి బొమ్మ గీసుకున్న కాగితం అక్కడే చింపేసింది. ఇక కోత లేదు. అయ్యగారు గొంతు సవరించుకుని తీర్పు చెప్పబోయేసరికి గుంజ చాటున వాళ్ళ అమ్మగారు దగ్గింది. అయ్యగారి తీర్పు కాస్త మెత్తబడింది. రూతమ్మ సంఘం ఎదుట పశ్చాత్తాపపడింది కాబట్టి, ఇకమీదట మానేస్తానని ఒప్పుకుంటే, ఉద్యోగంలో ఉండవచ్చు. మామ్మ ఒప్పుకుంది. పై ఆదివారం ఆడవాళ్ళ గొంతు గోదావరి అవతలికి వినిపించింది.

పన్ను గుంట చక్కగా మానింది. ఆవకాయ జాడీ అటక దిగింది. కొన్నాళ్ళకు సాయంత్రం ప్రార్థన కాగానే ఆవుకు మేత వేయడమూ మొదలైంది. ఈ కథ మా బంధువుల్లో ఎంత పేరు పొందిందంటే, పెళ్ళిళ్ళలో అడిగి చెప్పించుకునేవారు. మామ్మే చెప్పేది, డాక్టరమ్మ చెంబు ఎత్తడం అభినయించి మరీ. నేను మద్రాసులో కాలేజీ హాస్టల్లో స్నేహితురాళ్ళకు చెప్పి ఎంత నవ్వించానో.

నేను అక్కడ నవ్విస్తున్న రోజుల్లోనే ఇక్కడ మామ్మ అంగిలి మీద పుండు లేచింది. మొదట ఎవరికీ చెప్పలేదు. తరవాత కారం తగిలితే మంటగా ఉందని అమ్మతో అంది. "చుట్టదేలే, తగ్గుద్ది" అంది తనే. అమ్మా అదే అనుకుంది, నాన్నా అదే అనుకున్నాడు. అది పాపమని తేలిపోయింది కాబట్టి రోగం కాదని మేమంతా తేల్చేసుకున్నాం. డాక్టరమ్మ వారం వారం కొవ్వూరు వస్తూనే ఉంది, మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి వెళుతూనే ఉంది. మామ్మ ఆవిడ ముందు నోరు తెరవలేదు. మానేశానని చెప్పిన మనిషి ఆ నోరు మళ్ళీ ఎలా చూపించగలదు. క్షమించేసిన తప్పును రెండోసారి చూపించడానికి మొదటిసారి కంటే ఎక్కువ ధైర్యం కావాలి. గంజి కూడా దిగని రోజు వచ్చాక నాన్న డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు. అప్పటికి నేను సెలవులకు ఇంట్లో ఉన్నాను. డాక్టరమ్మ అద్దం పెట్టి చూసింది. ఈసారి కోయవలెనని అనలేదు. అద్దం తుడిచి పెట్టెలో పెట్టుకుని, మంచం మీద మామ్మ పక్కన కూర్చుంది. అప్పటికి ఆవిడ తెలుగు పుస్తకాన్ని వదిలి మా తెలుగైంది.

"అప్పుడే కోసుంటే బాగుండేదాండీ?" అంది మామ్మ. మాట సరిగా రావడం లేదు.

డాక్టరమ్మ మామ్మ తలకింద దిండు సరిచేసింది.

"మీరు కోస్తానే అన్నారండి పాపం. నేనే నిప్పెట్టి మరీ చూపించి వద్దన్నాను." అని మామ్మ నవ్వబోయింది. నవ్వితే నొప్పెట్టి, డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఆగిపోయింది.

అప్పుడే కోసుంటే బాగుండేదో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆనాటి మచ్చే ఈనాటి పుండయిందో, అన్నేళ్ళ నిప్పు కొత్తగా పుట్టించిందో, అదీ తెలియదు. నేను చదివిన చదువు అంతదూరం వెళ్ళలేదు. ఆ రోజులకూ ఈ రోజులకూ మాత్రం చాలా తేడా వచ్చిందని అందరూ అంటారు. నిజమే. పడవ పోయి వంతెన వచ్చింది. చుట్ట పోయి దొరల సీమ నుంచి డబ్బాలో సిగరెట్టు వచ్చింది, దాని నిప్పు నాగరికంగా నోటి బయటే ఉంటుంది. గడ్డివాము చాటున కాల్చుకునేవాళ్ళు పోయి పడకకుర్చీలో కాల్చుకునేవాళ్ళు వచ్చారు. తెలిసినా తెలియనట్టుండే మర్యాద ఒక్కటే ఏ మార్పూ లేకుండా నా కాపురంలోకి వచ్చింది. మావారు నాలుకతో బుగ్గ తడుముకోవడం నేను చూడడం మొదలుపెట్టి చాలా రోజులైంది. చారులో కారం ఎక్కువైందని విసుక్కోవడం మొదలుపెట్టీ చాలా రోజులైంది. నేను కారం తగ్గించాను. మరేమీ అడగలేదు.

ఇవాళ సాయంత్రం కూడా ఆయన జాగ్రత్తలు వినిపించారు. పొగాకు దగ్గరికి వచ్చి, "అది నీకు వర్తించదులే" అన్నారు. నేను లేచి గూట్లోంచి దీపం తీసుకుని ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. నోరు తెరవమని చేత్తో సైగ చేశాను.

"ఎవరు, నేనా? నోరు తెరిస్తే ఫీజు తీసుకునేవాణ్ణోయ్" అని నవ్వి పెదవులు మూసుకున్నారు. నవ్వు పోయినా పెదవులు అలాగే బిగిసి ఉన్నాయి. ఆ బిగింపు నేనెరుగుదును. హార్మోనియం ముందు చాపల మీద వరసగా కూర్చున్న ముఖాల మీద చూశాను.

నేను దవడ కట్టు విప్పేశాను. "వద్దు, వద్దు, మాట్లాడకూడదు" అంటూ ఆయన లేవబోయారు.

"నోరు తెరవండి" అన్నాను. రెండు రోజుల తరవాత మాట్లాడిన మొదటి మాట. ఆ మాటతో గుంటలో కలుక్కుమంది.

ఆయన తెరవలేదు. చాప మీద కూర్చుని ఇదంతా చూస్తున్న పాప మాత్రం, తననే అన్నాననుకుని, రెండు కింది పళ్ళూ కనిపించేలా నోరు ఇంతలా తెరిచి, తలెత్తి నావైపు చూసింది. దాన్ని చూసి ఆయనకు ఆపుకోలేనంత నవ్వు వచ్చింది. నవ్వుకు నోరు తెరుచుకుంది. నేను దీపం దగ్గరగా పట్టుకున్నాను. ఆ తరవాత ఆయన మూసుకోలేదు.

ఎడమ బుగ్గ లోపల, వెనకవైపు, చింతగింజంత మేర తెల్లగా, గరుకుగా ఉంది.

"ఏం కనిపించింది?" అన్నారు. అడిగిన తీరులో వకీలు లేడు.

"మచ్చ ఉందండి. రేపు మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాలి. జాగ్రత్తలు ఈసారి నేను వింటాను" అన్నాను. ఆయన చెయ్యి అలవాటుగా డబ్బా కోసం కుర్చీ చేతిమీద తడుముకుంది. డబ్బా అక్కడ లేదు, పాప దాన్ని చాప మీద దొర్లించుకుని ఆడుకుంటోంది. ఆయన కాసేపు దానివైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.